గోడ మీద తెల్లరంగు

జూన్ 18
పొద్దున సెఫీనా ఆస్తమా మీటర్లో 150 ఊదింది. మూడుసార్లు ఊదించాను, అదే ఎక్కువ. ఒంట్లో బాగుంటే 220 దాటుతుంది. నర్సు ఇచ్చిన చార్టులో 150 అంటే పసుపు, జాగ్రత్త అని. ఎనిమిదేళ్ల పిల్ల, మీటర్ తనే చూసుకుని, అమ్మా నేను సరిగ్గా ఊదలేదా అని అడుగుతుంది. తప్పు తనదైనట్టు.

జూన్ 20
సెఫీనా గదిలో బీరువా జరిపాను. వెనక గోడంతా నల్లటి బూజు, బొచ్చులా. వేలు పెడితే మెత్తగా దిగింది. చచ్చిన ఎలుక కంపు. పిల్ల తల పెట్టి పడుకునేది దానికి మూరెడు దూరంలో. 

జూన్ 24
ఓనరు తరఫు ఏజెంట్ గ్లెనిస్ వచ్చింది. బూట్లు విప్పలేదు. ముక్కుకి స్కార్ఫ్ అడ్డం పెట్టుకుని, మీ సమోవా వాళ్లు కిటికీలు తెరవరు, పొద్దస్తమానం ఏదో ఉడకేస్తుంటారు, గోడలకి ఆవిరి పట్టదా మరి అంది. ఈ గదిలో పడుకుని లేస్తే ఇంత ఊదుతుంది, మా అక్క మలియా ఇంట్లో పడుకుంటే ఇంత అని మీటర్ చూపించాను. దాన్ని చూసి, బొమ్మలా ముద్దుగా ఉందే అంది. మా ఆయన తవీతా పక్కన నిలబడి ఎస్ మేడమ్, ఎస్ మేడమ్ అన్నాడు. ఆక్లండ్‌లో ఇంకో ఇల్లు దొరకదని భయం.
ఆవిడ మీద కంటే ఆ ఎస్ మేడమ్ మీద నాకు ఎక్కువ రోత పుట్టింది.

జూన్ 25
తవీతా దుప్పటి తీసుకెళ్లి హాల్లో పడేశాను.

జూలై 2
పెయింటర్ని పంపారు. గీకలేదు, కడగలేదు. బూజు మీదే తెల్లరంగు పూసి, ఆరకముందే బీరువా వెనక్కి తోసేసి పోయాడు. గ్లెనిస్ ఫోన్ చేసి, ఇప్పుడు హ్యాపీయేనా అంది.

జూలై 3, మధ్యాహ్నం, హాస్పిటల్
పొద్దున 90. ఎరుపు. రెండోసారి ఊదలేకపోయింది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది. నీలం ఇన్‌హేలర్ కొడుతూనే అంబులెన్స్ పిలిచాం. ఇప్పుడు మాస్కు పెట్టారు, నిద్రపోతోంది. తవీతా మంచం పక్కన నేల మీద కూర్చుని నా వైపు చూసి, లూపే, ఆ గ్లెనిస్ ముందు ఇంకెప్పుడూ తల ఊపను అన్నాడు.  పిల్ల జుట్టు ఇంకా పెయింటు కంపు కొడుతోంది.

జూలై 9
ఇల్లు ఖాళీ చేశాం. మలియా గరాజ్‌లో ఉన్నాం. చలికాలం, చలే గానీ పొడిగా ఉంది. నా కారు వానలో, నీ కూతురు దర్జాగా లోపల, అద్దె కింద పాటైనా పాడమను అంది మలియా. సెఫీనా నిజంగానే చర్చి పాట అందుకుంది. ఊపిరికి మధ్యలో ఆగలేదు.

జూలై 15
210.

జూలై 21
ఆ ఇల్లు మళ్లీ అద్దెకి చూపిస్తున్నారు. కొత్తగా రంగులు వేశారట, పిల్లలున్నవాళ్లకి బాగుంటుందట. వెళ్లాను. గుమ్మం దాకా జనం. నేరుగా సెఫీనా గదిలోకి పోయి, బీరువా ఉండే చోట ఉబ్బిన రంగుని గోరు పెట్టి లాగాను. పాల మీగడలా లేచి వచ్చింది. కింద అదే నలుపు. నా కూతుర్ని హాస్పిటల్ పాలు చేసింది ఇదే, చూసుకోండి అన్నాను. చాలామంది వెళ్లిపోయారు. పోలీసుల్ని పిలుస్తానని గ్లెనిస్ ఫోన్ తీసింది.
ఒకావిడ మాత్రం కదల్లేదు. మాలాగే దీవుల మనిషి, టోంగా. చంకలో చంటివాడు, వాడి ఛాతీలో పిల్లికూతలు నాకు వినిపిస్తున్నాయి. నా చెయ్యి పట్టుకుని మెల్లగా, ఇంక పీకకు చెల్లీ, మేం మే నెల నుంచి వ్యాన్లో పడుకుంటున్నాం, గొడవైతే ఈ ఇల్లు మాకూ దక్కదు అంది.
గోడ మీంచి చెయ్యి తీసేశాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను, మళ్లీ కడుక్కున్నాను.

జూలై 28
ఆ ఇల్లు ఆ వ్యాన్ వాళ్లకే ఇచ్చారు. తవీతా, నేనూ వెళ్లి సామాను దింపాం. పరుపు ఒక కొస నేనే పట్టుకున్నాను. ఆ గదిలో వద్దని హాల్లో వేయించాను.
చంటివాడిది ఇంకా మీటర్ ఊదే వయసు కాదు.