ఒక రోజు పరిచి ఉంచాల్సిన గుడ్డ

అమ్మకు,

మామయ్యకు అన్యాయం జరిగింది. చేసింది మా కుట్టుకేంద్రం సూపర్‌వైజరు. నిన్నటి నుంచి ఆయన్ని కటింగ్ బల్ల దగ్గరికి రానివ్వడం లేదు. ఇది తప్పిస్తే ఇక్కడ అందరం క్షేమమే. నువ్వూ చెల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ తమ్ముడి మోకాలు ఎలా ఉందని అడిగావు. కట్టు కట్టించాక నయం. ఇంకా ఆ కార్మిక సంఘం కరపత్రాలు చదువుతున్నానా అని అడిగావు. చదువుతున్నాను, ఈమధ్య రాస్తున్నాను కూడా. ఒకటి చూసి మామయ్య, కోపం బాగానే కత్తిరించావు గానీ కొలత తీసుకోలేదన్నాడు.

చెల్లికి బనియన్ గుడ్డతో వేసవి టాప్ ఎలా కుట్టాలన్నావు. తేలికే. ముందు, వెనక, మెడపట్టీ, మూడే ముక్కలు. గుడ్డ ఎటు బాగా సాగుతుందో అటువైపు ఒంటి చుట్టూ వచ్చేలా ప్యాటర్న్ కాగితం పెట్టు. మొన గుండ్రంగా ఉన్న సూది వాడు, మామూలుది పోగులు తెంచేస్తుంది. జిగ్‌జాగ్ కుట్టు వేయి. గుడ్డను నువ్వు లాగకు, మిషనే లాక్కుంటుంది. మెడపట్టీ మెడ చుట్టుకొలత కంటే కాస్త తక్కువ ఉండాలి. వీటన్నిటికంటే ముందు, చుట్టి ఉన్న గుడ్డ తాను విప్పి ఒక రోజు వదులుగా పరిచి ఉంచు. చుట్టినప్పుడు సాగిన గుడ్డ ఆ రోజులో అసలు కొలతకు వస్తుంది.

ఇక్కడే ఒక సంగతి రాయాలి. గుడ్డకు రోజంతా విశ్రాంతి, కుట్టేవాళ్లకు అరగంట కూడా లేదని నేనొక కరపత్రం రాశాను. గుడ్డకిచ్చే ఆ రోజు మిగిలిస్తే అందరికీ సెలవు అడగవచ్చనుకున్నాను. సోమవారం మామయ్య కట్టు కట్టించుకోవడానికి వెళ్లినప్పుడు, కొత్త తాను విప్పి, వెంటనే కోసేశాను. నలభై టాప్‌లు. ఇస్త్రీ ఆవిరి తగిలేసరికి అన్నీ నాలుగు వేళ్లు పొట్టివయ్యాయి.

సూపర్‌వైజరు ఎవరు కోశారని అడిగాడు. మామయ్య ఒకదాని అంచు వేళ్లతో కొలిచాడు. నావైపు చూడలేదు.

"నా బల్ల మీద కోసిందేగా. నాదే."

నేను పక్కనే ఉన్నాను. ఇన్ని చదివినదాన్ని, కత్తెర తీసి సొరుగులో పెట్టేశాను. ఉత్తరం మొదట్లో అన్యాయం సూపర్‌వైజరు చేశాడని రాశాను గానీ, అతనికి నిజం చెప్పినవాళ్లెవరు? అన్యాయం చేసింది నేను.

సాయంత్రం మామయ్య కాళ్ల దగ్గర కూర్చుని, చెప్పేస్తానన్నాను. "నోర్మూసుకో. నీ పని కూడా పోతే మా అక్కకు ఏ మొహం చూపించను?" అన్నాడు. చెప్పనని నాచేత మాట తీసుకున్నాడు. ఆ మాట నేను నిలబెట్టుకోను.

మిషన్లు మొదలయ్యేలోపు అందరూ కటింగ్ బల్ల దగ్గరికి రావాలని గోడకు చీటీ అంటించాను. సూపర్‌వైజరు ముందే చెబుతాను. అసలు రావాల్సిన మామయ్య మాత్రం రానని భీష్మించుకున్నాడు. అక్క మాట కాదనడు గదా, నువ్వు మొదటి బస్సెక్కి నేరుగా ఆయన ఇంటికి వెళ్లు, చెయ్యి పట్టుకుని తీసుకురా. శనివారం, ఉదయం ఎనిమిదిన్నర.

ఇట్లు,
ఆ కత్తెర పట్టిన నీ పెద్దకూతురు