మిగిలిన నూలు ఎవరిది?

ఆదోని

అవ్వకు నందిని నమస్కారాలు.

కోచింగ్ హాస్టల్లో ఫోన్లు లాక్కున్నారు, అందుకే ఈ ఉత్తరం. డిగ్రీ అయినోళ్లు రాసే లా ఎంట్రన్సు మాదిరి పరీక్షలో మళ్లీ తప్పినాను. ప్రశ్న ఇది: 'అనుమతి లేకుండా ఇతరుల సొత్తు ఉంచుకోవడం దొంగతనం. షావుకారు చీర నేయమని నూలిచ్చాడు. మిగిలిన నూలును భీమప్ప చెప్పకుండా ఉంచుకున్నాడు. దొంగా, కాదా?'

మన ఎమ్మిగనూరులో మిగిలింది నేసినోనిదే కదా! కాదని పెట్టినాను. సున్నా. ఈసారి సీటు రాకుంటే చీరల అంగట్లో కూర్చోబెడతానన్నాడు నాన్న.

నీ నందిని

ఎమ్మిగనూరు

చి. నందినికి,

మన ఎదురింటి భీమప్పను దొంగంటారా? నీ ఉత్తరం అరుగు మీద గట్టిగా చదివినాను. భీమప్ప మగ్గం దిగొచ్చి, "ఏందమ్మా, ఆదోనిలో నా పేరు అచ్చేసినారా?" అని కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. మీ కోచింగోళ్లను అడగడానికి వీధి వీధంతా ఆదోనికి ఆటో ఎక్కుతోంది.

కోపంతో,
మీ అవ్వ అంబమ్మ

తా.క. ఆ ప్రశ్న రాసిన సారుకు పిల్లనిచ్చిన ఊరేదో కనుక్కో. ఆటో అక్కడికీ పోతుంది.

ఆదోని

అవ్వా, నీకు దండం!

ఆ భీమప్ప ఉత్త పేరు, మనిషి కాదు! మనోళ్లు గేటు ముందు చీర పరిచి కూర్చున్నారు. సారు వచ్చి, "ప్రశ్నలో రాసిందే లోకం. మీ ఊరి ఆచారం అందులో రాయలేదు కదప్పా" అంటే, "అయితే రాయండి సారూ!" అన్నాడు మన భీమప్ప. నాకేమో ప్రతి ప్రశ్నలోనూ మన వీధే కనపడుతోంది. ఎట్ల చదవాల?

దిగులుతో, నందిని

తా.క. ఆ చీర మాత్రం సారే కొన్నాడు.

ఎమ్మిగనూరు

చి. నందినికి,

ప్రశ్నను మళ్లీ చదివినాను. సారు మాట నిజమే. కొత్తగా కాపురానికొచ్చిన కోడలిలా చదువు. ఎవరి గుణమేమిటో ఆమెకు తెలియదు. చెప్పిందే వినాలి, ఊహించకూడదు. ఆ లెక్కన భీమప్ప దొంగే. అతనితోనూ అదే చెప్పినాను. మనింట్లో కాఫీ మానేసినాడు.

ఒంటరిగా కాఫీ తాగుతున్న,
మీ అవ్వ

తా.క. నీ పాత ప్రశ్నపత్రాలన్నీ పంపు. పొయ్యి రాజేయడానికి.

ఆదోని

అవ్వా, ర్యాంకొచ్చింది!

సీటు ఖాయమంట! నీ కొత్త కోడలే గెలిపించింది. నాన్న అంగట్లో మిఠాయి పంచుతాండాడు. పరీక్షనాడు కర్నూలు సెంటరు గేటు దగ్గర నిన్ను చూసి విసుక్కున్నాను, ఏమనుకోవద్దు. అన్నం క్యారియరు ఇయ్యడానికి అంత దూరం వస్తారా ఎవరైనా?

నీ వకీలు, నందిని

ఎమ్మిగనూరు

చి. వకీలమ్మకు,

క్యారియరు ఎవరు తెచ్చినారు? నా సంచిలో ఉండింది హాల్ టికెట్టు. వయసు అడ్డం కాదని వాళ్ల నోటీసులోనే ఉంది. రాసిందే లోకం కదా. పంతులమ్మ ఉద్యోగం నాటి నా బి.ఏ. ఇన్నాళ్లకు మళ్లీ పనికొచ్చింది. ప్రశ్నపత్రాలతో పొయ్యి రాజేస్తానంటే నమ్మి పంపినావు. మనింట్లో గ్యాసుందని మరిచినావు. నాకూ సీటొస్తుంది. ర్యాంకు నీకంటే కాస్త ముందే. మీ నాన్నకు మెల్లగా చెప్పు, మిఠాయి గొంతుకు అడ్డం పడగలదు.

నీ క్లాసుమేటు, అంబమ్మ

తా.క. ఆ నూలు ప్రశ్నలాంటిదే పరీక్షలోనూ వచ్చింది. దొంగే అని నొక్కినాను. నల్లకోటు తొడిగినాక కోర్టులో మన ఆచారమంతా చెప్పి విడిపిస్తానన్నాక, భీమప్ప ఈ పొద్దు కాఫీకి వచ్చినాడు.