అరపేజీ పేరున్న పుస్తకం

చిరంజీవి బుజ్జికి అమ్మ దీవెనలు. మేం కులాసా. మీ నాన్నకు దగ్గు తగ్గింది, గొణుగుడు తగ్గలేదు. నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

ఫోన్లో చెప్పిందే, నువ్వు అడిగావని మళ్లీ వరసగా రాస్తున్నా. మా లైబ్రరీలో మీ కంపెనీ పెట్టిన డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడు నేను గడియారాల మరమ్మతు మీద ఓ పాత పుస్తకం వివరాలు ఎక్కిస్తున్నాను. దాని పేరే అరపేజీ ఉంది. పుస్తకం మీద పేరెలా ఉంటే అలాగే, ఒక్క అక్షరం మింగకుండా టైపు కొట్టడం మా పద్ధతి. కొట్టానో లేదో, కంప్యూటర్లన్నీ చచ్చి ఊరుకున్నాయి.

సర్వర్ లేచాక మళ్లీ కొట్టాను. మళ్లీ పడింది. ఇక నా బుర్ర ఊరుకుంటుందా? ఈసారి పేరు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను. ఒక చోట సర్వర్ పడలేదు గానీ, పక్కన సభ్యుడి పేరుండాల్సిన గడిలో మన పుస్తకం పేరు తోక కనబడింది! చిన్న గ్లాసులో చెంబెడు నీళ్లు పోస్తే బల్లంతా తడిసినట్టు. భయపడాల్సింది పోయి సరదా పుట్టింది.

ఆ తోకలో దొంగలు హుకుం దాచి పంపితే సర్వర్ దాన్నే పాటిస్తుందని నువ్వు రాశాక మాత్రం ఒళ్లు జలదరించింది. ఏది పేరో, ఏది హుకుమో దానికి తెలియదా? ఆ ప్రోగ్రాం రాసేటప్పుడు పేరు పొడుగు కొలవడం మరిచింది నువ్వేనని ఒప్పుకున్నావు. పుస్తకాల అలమరల మధ్య పెరిగినదానివి, ఇంత పొడుగు పేర్లుంటాయని తట్టలేదటే?

ప్రోగ్రాంకి నువ్వు చేసే మరమ్మతు వచ్చేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నావు, దొంగలకు దారి చూపినట్టవుతుందని. అక్కడే చిక్కొచ్చి పడింది. తప్పంతా ఇక్కడ సర్వర్ చూసే ఆయనదేనని, అదే, చిన్నప్పుడు నువ్వు వైర్ల బాబాయి అని పిలిచేదానివే, ఆయనదేనని మా పెద్ద లైబ్రేరియన్ గారు తేల్చేసి ఉద్యోగం మానుకోమన్నారు. నిన్న చూస్తే పాపం బాబాయి సొరుగు ఖాళీ చేసుకుంటున్నాడు. "నేనేం ముట్టుకోలేదక్కా" అన్నాడు. 

నీకు చెప్పకుండా ఒక పని చేశానే. పెద్దాయన గదికి వెళ్లి, "సర్వర్ని పడేసింది నేనండీ. రెండుసార్లూ నేనే" అన్నాను.

"ఎలా?" అన్నారు.

"అది మాత్రం అడక్కండి. మా అమ్మాయికి మాటిచ్చాను."

బాబాయి ఉద్యోగం నిలిచింది. నన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వడం లేదు. పుస్తకాలకు లేబుళ్లు అంటిస్తున్నాను. ఎవరు పడేశారో చెప్పాను గానీ ఎలా పడిందో చెప్పలేదు. మాట తప్పానంటావా?

ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది. నీ మరమ్మతు వచ్చిన రోజు పెద్దాయన్ని పక్కన నిలబెట్టుకుని ఆ పేరు మళ్లీ కొడతాను, చివరి అక్షరం దాకా. ఈసారి పడకూడదు సుమా!

ఇట్లు,
నీ సర్వర్ని పడేసిన
అమ్మ