నా వెనకాల నా పేరు

అక్టోబరు 9, గురువారం

మా ఇంటి గోడ అవతల కొట్టున్న మంగలి ఇస్మత్ ఇవాళ నా గడ్డం గీస్తూ కత్తి ఆపాడు. తన మూతి అద్దంలో నాకు కనబడేలా వంగి, మీ ఆవిడ, మా వదిన, నిన్ను పేరు పెట్టి పిలుస్తోందన్నా, అన్నాడు. నేను సరిగ్గా చూళ్ళేదేమో అనుకుని మళ్ళీ అనమన్నాను. హమ్దమ్, ఓ హమ్దమ్ అని, తప్పిపోయిన మేకని పిలిచినట్టు పిలుస్తోంది, గోడ ఇవతలికి వినబడుతోంది, అని పళ్ళికిలించాడు. అప్పుడు నేనేం చేస్తున్నానని అడిగాను. నీకేం తెలుస్తుంది, అటు తిరిగి కూర్చుని ఎవరిదో రేడియో విప్పుకుంటున్నావు, అన్నాడు.

మా పెళ్ళయి నలభై ఒక్కేళ్ళు. శరాఫత్ నోట నా పేరు ఒక్కసారి కూడా వినలేదు. మా ఊరు మర్గిలాన్‌లో మా ఈడు ఆడవాళ్ళెవరూ మొగుడి పేరెత్తరు, అందులో వింతేం లేదు. పెద్దమ్మాయి నాదిరా పుట్టాక నేను నాదిరా నాన్నని. అంతకుముందు "ఇదిగో"ని. పాస్‌పోర్టు ఆఫీసులో భర్త పేరేంటని అడిగితే, నా డొక్కలో మోచేత్తో పొడిచి నాచేతే చెప్పించింది.

నాకు చెవులు పోయి తొమ్మిదేళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు పట్టు మిల్లులో మగ్గాల ఫిట్టరుగా చేశాను. ఆ హాల్లో ఎవడి గొంతూ ఎవడికీ వినబడదు. అందరం పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్ళం. ఆ విద్యతోనే నెట్టుకొస్తున్నాను. మనిషి ఎదురుగా ఉంటే సగం చూసి, సగం ఊహించి, ఊఁ కొట్టేస్తాను. వెనకాల ఉన్న మనిషి నాకు లేనట్టే.

అక్కడ నిలబడి నన్ను పేరు పెట్టి పిలుస్తోందట.

వినాలని ఉంది. ఒక్కసారి. అరవై ఏడేళ్ళ ముసలాడికి ఇదేం పోయేకాలం అని ఎవరైనా అననీ.

అక్టోబరు 10

అడిగేశాను. నన్నోసారి పేరు పెట్టి పిలువు అన్నాను. తలగుడ్డ కొస నోటికడ్డం పెట్టుకుని, తీసింది. మతి గానీ పోయిందా, నేనెప్పుడైనా అంత మాటన్నానా, మీకెవరు చెప్పారో వాడి నాలిక పడిపోను, అంది. ఇస్మత్ పేరు బయటపెట్టలేదు. వాడింకా నాకు గడ్డం గీయాలి.

అక్టోబరు 12, ఆదివారం

సంతలో తాళాలూ గొలుసులూ అమ్మేవాడి దగ్గర చెవిమిషన్లు కూడా ఉన్నాయి. లక్షా ఇరవై వేల సోములు, కిలో మాంసం ధర. పెట్టుకుని చూశాను. సంత మొత్తం నా నెత్తిమీద పడింది. గాడిద, గ్యాస్ బండి, పుచ్చకాయలవాడు, అందరూ ఒక్కటే మోత. మిషన్లు అమ్మేవాడేదో అంటున్నాడు, అదొక్కటే అర్థం కాలేదు. అయినా కొన్నాను, వెర్రివెధవని.

ఇంటికొచ్చి దొడ్లో రహస్యంగా పెట్టుకున్నాను. నా నమలడం నాకే రోడ్డు రోలరులా వినబడింది. తీసి స్క్రూల డబ్బాలో పడేశాను.

అక్టోబరు 15, బుధవారం

ఫెర్గానా వెళ్ళాను. ఇంట్లో మందుల కోసమని చెప్పాను. అక్కడ చెవి క్లినిక్‌లో లోబార్ అని ఓ పిల్ల, మా నాదిరా కంటే చిన్నది. తన ప్రశ్నలన్నింటికీ నేను టకటకా జవాబిస్తుంటే, బాబాయ్, మీకు బాగానే వినబడుతోందిగా అంది. నాకూ గర్వంగానే ఉంది. అప్పుడు ఒక కాగితం తీసి తన నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతే. ఏమీ లేదు. కాగితం పైన రెండు కళ్ళు. నన్నేదో అడుగుతున్నాయి. పదో, పన్నెండో మాటలంది కాబోలు. ఒక్కటీ చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళూ అందరి కళ్ళూ కప్పాను, ఆ చిన్నపిల్ల కాగితం ముక్కతో పట్టేసింది. సిగ్గేసింది.

నా వినికిడి గీసిన కాగితం, ఆడియోగ్రామ్, చూపించింది. గీత మెట్ల మీంచి జారి కింద పడ్డట్టుంది. మగ్గాల మోతకి సన్నటి శబ్దాలు ముందు పోతాయట. అంటే ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు. ఇస్మత్ గొంతు గొణుగుడులానైనా ఉండి శరాఫత్ గొంతు పోవడమేంటి, ఇదేం న్యాయం!

జర్మనీ మిషన్ కోటీ నలభై లక్షలు. ఫోనుతో కలుస్తుందట, వానలో తడవచ్చట. నేను వానలో ఎందుకు నిలబడతాను? ఆ పిల్ల మంచిది. నా మొహం చూసి ఆ పెట్టె మూసేసి, అడుగు అర తెరిచింది. మామూలుది, చెవి వెనక పెట్టుకునేది, ఇరవై నాలుగు లక్షలు. ఫోనూ గీనూ లేవు గానీ మీ ఆడియోగ్రామ్‌కి తగ్గట్టు సెట్ చేసిస్తాను, మాటలకి ఇది చాలు బాబాయ్, అంది. రెండు చెవులకీ అయితే మంచిదట. ఒకటే అన్నాను. కుడివైపు.

అక్టోబరు 16

మిషన్‌కి డబ్బు చాలక సైకిల్ అమ్మేశాను. మోకాళ్ళ నొప్పులని చెప్పాను.

అక్టోబరు 21, మంగళవారం

కొన్నాను.

లోబార్ మిషన్ నా చెవి వెనక తగిలించి, సన్నటి గొట్టం చెవిలోకి దూర్చి, కాగితం మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది. రొట్టె, అంది. రొట్టె, అన్నాను. కిటికీ. కిటికీ. నేరేడు. నేరేడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల చూడనట్టు కంప్యూటర్ వైపు తిరిగింది. ఆ రోజు చూసి దానిది లావుపాటి గొంతనుకున్నాను. సన్నగా ఉంది.

అన్నింటికంటే ఏం వినాలనుంది బాబాయ్ అని అడిగింది. మసీదులో ఆజాన్ అని అబద్ధమాడాను. రోజుకో గంటతో మొదలుపెట్టండి, పిన్నిగారిని మీతో మాట్లాడిస్తూ ఉండమనండి, ఈసారి తీసుకురండి, అంది. బ్యాటరీకున్న నారింజ రంగు కాగితం పీకి, ఒక్క నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలట.

వ్యాన్లో వస్తుంటే నా ప్యాంటు చప్పుడు చేస్తోంది. ఈ ప్యాంటు ఇన్నేళ్ళూ ఇలా గొణుగుతూనే ఉందా?

శరాఫత్‌కి చెప్పలేదు. చెబితే నా వెనకాల కూడా నోరు కట్టేసుకుంటుంది.

అక్టోబరు 22

చెవుల మీదకి వచ్చే బొచ్చుటోపీ పెట్టుకున్నాను. ఎండ మాడ్చేస్తోంది. జలుబా అంది. అవునన్నాను. టోపీ మిషన్‌కి రాసుకుని చెవిలో ఎవడో ఎండురొట్టె తింటున్నట్టుంది. దానికి తోడు, టోపీ నొక్కుకి మిషన్ ఈల వేస్తోంది.

అక్టోబరు 23

ఈల ఆమెకీ వినబడింది. ఈ రోజుల్లో దోమ ఎక్కడిదంటూ గుడ్డ పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

అక్టోబరు 26

ఇస్మత్‌కి మిషన్ చూపించి అంతా చెప్పేశాను. పగలబడి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. దువ్వెన తుడుచుకుంటూ, మా ఆవిడ నన్ను ఎప్పుడూ ఇదిగో అని పిలుస్తూనే పోయిందన్నా, అన్నాడు. తర్వాత తన పద్ధతిలోకి వచ్చి, కుడిచెవి మీద జుట్టు వదిలేస్తాను, నెల్లాళ్ళు ఓపికపట్టు, సినిమావాడిలా ఉంటావు, అన్నాడు. నెల్లాళ్ళ దాకా మిషన్ తన కొట్లోనే పెట్టుకుని అలవాటు చేసుకోమన్నాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి వాడి వాగుడు వింటున్నాను. పెదవులు చూసి అనుకున్నదానికంటే ఎక్కువే వాగుతాడు.

నవంబరు 6

పదహారేళ్ళప్పుడు కూడా ఇన్నిసార్లు అద్దం చూసుకోలేదు.

నవంబరు 20, గురువారం

జుట్టు చాలింది. శరాఫత్ నన్ను చూసి, ఈ దువాన ఫకీరు వేషమేంటి, ఇస్మత్ కత్తికి తుప్పు పట్టిందా అంది. ఎదురుగా అంది కాబట్టి చూశాను, విన్నాను, రెండూ.

గొంతు ముసలిదైపోయింది. నేను దాచుకున్న గొంతు యాభై ఆరేళ్ళ మనిషిది. ఇది కాస్త గరగరగా, మాట చివర గాలి వదిలేస్తూ ఉంది. పరాయి మనిషెవరో వచ్చి మా ఇంట్లో తిరుగుతున్నట్టనిపించింది. సాయంత్రానికి అలవాటైంది.

పిండితో మాట్లాడింది, పిల్లిని తిట్టింది. నన్ను పిలవలేదు.

నవంబరు 21, పదకొండింటికి

విన్నాను.

ఆమె గుమ్మడికాయ తరుగుతోంది. నేను అటు తిరిగి ఇస్త్రీపెట్టె తీగ బిగిస్తున్నాను. హమ్దమ్, అంది. మామూలుగా, రోజూ అనే మాటలా. హమ్దమ్, ఈ గుమ్మడికాయ అచ్చం నువ్వే, పైకి గట్టి, లోపలంతా పీచు.

స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారింది. తిరగలేదు. మెడ బిగబట్టుకుని కూర్చున్నాను. నువ్వు, అంది. మీరు కాదు. నా పేరు ఇంత బాగుంటుందని నాకు తెలీదు. హమ్ అన్నప్పుడొకసారి, దమ్ అన్నప్పుడొకసారి పెదవులు కలిసే పేరు.

నవంబరు 22

నాలుగుసార్లు. ఒకసారి హమ్దమ్‌జాన్. జాన్ తగిలించి! ఆ మాటకి నేను ఇస్త్రీపెట్టె ప్లగ్గు తప్పుగా బిగించాను, ఫ్యూజ్ పోయింది. నిన్ను ఫిట్టరని ఎవరన్నారు, అని నా వీపుకి చెప్పింది.

ఆమె మోకాలి నొప్పి సంగతి, నూనె ధర, పక్కింటి కోడలు పుట్టింటికెళ్ళి కూర్చున్న సంగతి, అన్నీ నాకు చెబుతోంది. ఒక్కటీ నాకు తెలీదు.

నవంబరు 23, ఆదివారం

ఇవాళ నేను వినకుండా ఉండాల్సింది. లేదు, వినాల్సిందే.

హమ్దమ్, రాత్రి అక్క కలలోకొచ్చింది, అంది. ఆమె అక్క సాలిహా పోయి మూడేళ్ళయింది. ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా నీకే చెప్పాను కదూ, అక్క ఆఖరి మాటేంటో, అంది. నువ్వు ఫుట్‌బాల్ చూస్తున్నావు. ఊఁ, బాగుంది, బాగుంది అన్నావు. తర్వాత ఉప్పు అడిగావు. ఆ రోజు నీ మొహానికి దండం పెట్టేశాను. అప్పట్నుంచీ వీపుకే చెప్పుకుంటున్నాను. వీపైతే ఊఁ కొట్టదు.

ఏడుస్తూ కూడా అనలేదు. ఉల్లిపాయలు తరుగుతూ అంది.

సాలిహా పోయిందని నాకు తెలిసింది ఆ సాయంత్రం, ఆమె కొడుకు ఫోన్లో మెసేజ్ పెడితే. శరాఫత్ నాకెందుకు చెప్పలేదని కోపగించుకున్నాను కూడా. మూడు రోజులు ముభావంగా ఉన్నాను. ఛీ.

నవంబరు 24, పొద్దున్న

నాకు వినబడుతోందని నోరు విప్పితే ఆమె నోట నా పేరు పోతుంది. మళ్ళీ ఈ జన్మకి రాదు. విప్పకపోతే ఇంకా ఎన్నో రోజులు వినచ్చు. నాలుగు రోజులకే ప్రాణం లేచొచ్చింది నాకు.

కానీ అప్పుడు వినబడక విన్నట్టు నటించాను. ఇప్పుడు వింటూ విననట్టు నటిస్తున్నాను. ఎప్పుడు చూసినా ఆమె ముందు నాది నాటకమేనా?

అదే రోజు, మధ్యాహ్నం

హమ్దమ్, చాయ్ పెట్టనా, అంది నా వీపుతో.

తిరిగాను. పెట్టు, అన్నాను. సాలిహా ఆఖరికి ఏమంది?

ఆమె చేతిలోని చాయ్ పియాలా కిందపడి ముక్కలైంది. దగ్గరికొచ్చింది. పిండి వేళ్ళతో నా జుట్టు పైకెత్తి చెవి చూసింది. ఎప్పట్నుంచి, అంది. గురువారం నుంచి అన్నాను. ఈ నాలుగు రోజుల్లో ఏమేం అందో గుర్తు తెచ్చుకుంటోందని తెలుస్తోంది. మొహం ఎర్రబడి, తెల్లబడింది. దొంగ, అంది. నలభై ఒక్కేళ్ళ పరువు తీశారు, అంది. లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

మీరు, అంది.

నవంబరు 26

నీళ్ళు కారడం, తలుపు కిర్రుమనడం, పిల్లి, గడియారం, అన్నీ వినబడుతున్నాయి. ఆమె గొంతు మాత్రం లేదు.

నవంబరు 27, గురువారం

భోజనానికి దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచింది. ఏ చెవి, అని అడిగింది. కుడి అన్నాను. ఎప్పుడూ నాకు ఎడమవైపు కూర్చునే మనిషి, గిన్నెలన్నీ ఇటు జరుపుకుని కుడివైపొచ్చి కూర్చుంది. వినండి నాదిరా నాన్నా, అంది.

చెప్పింది. ఆ రోజు సాలిహా తల దువ్వమందట. శరాఫత్ దువ్వుతుంటే, ఏమే, ఎప్పుడూ పీకి పారేసేదానివి, ఇవాళ చెయ్యింత మెత్తబడిందేంటే, అందట. అంతే, తర్వాత మాట్లాడలేదు.

మధ్యలో ఒక మాట నాకు అందలేదు. అలవాటుగా ఊఁ అనబోయాను. ఆగాను. అందలేదు, మళ్ళీ చెప్పు, అన్నాను. తొమ్మిదేళ్ళుగా సిగ్గుపడి ఎవరితోనూ అనని మాట. మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకున్నాను. విసుక్కోలేదు. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఏవేవో చెబుతూనే ఉంది, అక్కగారి కొడుకు పెళ్ళి సంబంధం దగ్గర్నుంచి నూనె ధర దాకా. నూనె ధర ఇంతకుముందే విన్నానని చెప్పలేదు.

నవంబరు 30

గోడ మీంచి ఏమైనా వినబడుతోందా అని ఇస్మత్‌ని అడిగాను. ఎందుకు వినబడదు, పొద్దస్తమానం నాదిరా నాన్నా, నాదిరా నాన్నా అని నా చెవులకి చిల్లులు పొడుస్తోంది, నాకూ ఒక మిషన్ కొనిపెట్టు, చెవులు మూసుకునేది, అన్నాడు. జుట్టు కత్తిరించేశాడు.

నాకు సంతోషంగా ఉంది. అబద్ధం. సగం సంతోషంగా ఉంది. ఆమె పెరట్లో ఉంటే నేను గుమ్మం దగ్గర అటు తిరిగి ఊరికే కూర్చుంటున్నాను. వెనకాల నుంచి కూడా మీరు, అండి, రండి, అంతే, పేరు లేదు.

డిసెంబరు 3

చాయ్ పోసి, దగ్గరికి జరిగి, నా చెవిలోంచి మిషన్ తీసేసింది. గుప్పిట్లో పెట్టుకుని బిగించింది. నా మొహంలోకి సూటిగా చూసింది. పెదవులు రెండుసార్లు కలిశాయి.

తనే మళ్ళీ నా చెవికి తగిలించింది.

ఏమన్నావని అడిగాను.

చాయ్ చల్లారిపోతోంది, తాగండి, అంది.