పుట్టినరోజు జెర్సీ

క్లీవ్‌లాండ్, జూలై

ఒరేయ్ వెండెల్,

నా పుట్టినరోజుకు నువ్వు పంపిన జెర్సీ అందింది. వీపు మీద మా జట్టు డెమెట్రిక్ పేరు కనబడగానే పెట్టె మూసేశాను.

నేను ఎవరి జెర్సీ తొడుక్కుంటే ఆ ఆటగాణ్ణి వాడి బాస్కెట్‌బాల్ జట్టు వేసవి దాటకుండా వేరే ఊరి జట్టుకు ఇచ్చేస్తుందని నీకు తెలుసు. యోలాండా సెలూన్‌లో అందరికీ తెలుసు. ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి అని అక్కడ పొద్దస్తమానం అదే గొడవ. మొన్న వాళ్లే చందాలేసుకుని, పరుగెత్తలేని ఆ బ్రాక్స్‌టన్ జెర్సీ కొని నాకు తొడిగారు.

"అక్కా, విప్పావంటే ఊరుకోను! వాడి పీడ విరగడయ్యేదాకా అదే వేసుకో!" అంది యోలాండా.

వారం తిరక్కుండా వాణ్ణి పంపేశారు.

డెమెట్రిక్ మీద మీ షికాగో జట్టు కన్నేసిందని నాకు తెలియదనుకున్నావా? పెళ్లి చేసుకుని ఆ ఊరు పోగానే అక్కకే గొయ్యి తవ్వుతావా?

నీ పెట్టె తిరిగి పంపుతున్నాను. పుట్టినరోజున అక్కకు కొత్త బట్ట లేదని బెంగపడకు. మీ కెప్టెన్ జెర్సీ నేనే కొనుక్కున్నాను. ఇది రాస్తుంటే ఒంటిమీదే ఉంది. భలే నప్పిందిరా.

నీ అక్క