రెండూ కుడిచేతివే

వదినా,

పాలు చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. నీ నీలం చొక్కా ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను. సోమవారం కొత్త ఉద్యోగానికి అదే వేసుకో. నేను కుడతానన్న చొక్కా అవలేదు. గుడ్డ మడత వేయకుండా కత్తిరించి, రెండు చేతులూ కుడివైపువే చేశాను. మిగిలిన ముక్కలో ఇంకో చెయ్యి రాదు. కుట్టు టీచర్ దగ్గరుందని నాలుగు రోజులుగా నీతో అబద్ధమాడాను. నా మంచం కిందే దాచాను.

నిన్న అన్నయ్య, "మూడు నెలల నుంచి నేర్చుకుంటోంది, ఒక్క చొక్కా అయిందా?" అంటే, "మా పిల్ల చేతిలో పనుంది, చూస్తూ ఉండండి" అన్నావు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముక్కలు పట్టుకుని ఇప్పుడు నిజంగానే టీచర్ దగ్గరికి వెళ్తున్నాను.

అన్నట్టు, సాయంత్రం అన్నయ్యకి నేనే చెబుతాను. నవ్వితే నవ్వనీ. ఈసారి నన్ను వెనకేసుకురాకు.