పక్కకి లాగే బండి

అన్నయ్యా,

ఏడాది తిరిగేదాకా బండి కొనకూడదన్నారు పెద్దవాళ్లు. నిన్నటితో నీ సంవత్సరీకం అయిపోయింది. మోకాళ్ల నొప్పులతో వదిన బస్సెక్కలేకపోతోంది కదా, అందుకని ఇవాళ ఇద్దరం నందిగామలో ఓ పాత చిన్నకారు చూశాం.

“సింగిల్ ఓనరండీ, కళ్లు మూసుకుని తీసుకోండి” అన్నాడు అమ్మేవాడు. నేను మూసుకోలేదు. బానెట్ ఎత్తించాను, సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. మసి అంటలేదు.

నడిపి చూస్తామని జగ్గయ్యపేట వైపు తీశాను. ముందు సీటు ఖాళీగా ఉన్నా వదిన వెనకే కూర్చుంది. చిల్లకల్లు దగ్గర రోడ్డు ఖాళీగా కనబడితే నీ పరీక్ష పెట్టాను. “స్టీరింగ్ వదిలెయ్యరా. పక్కకి లాగిందా, ఆ బండి మనకొద్దు” అనేవాడివిగా.

వదిలాను. చాలాసేపు తిన్నగానే పోయింది. వేదాద్రి మలుపు దగ్గర మాత్రం నెమ్మదించింది, స్టీరింగ్ దానంతటదే ఎడమకి తిరిగింది. నీ అస్థికలు కృష్ణలో కలపడానికి వెళ్లిన దారి అది. గబుక్కున పట్టుకోబోయాను.

“పట్టుకోకయ్యా” అంది వదిన, మామూలుగానే. “తిప్పనియ్.”

తర్వాత పేటలో మెకానిక్ అలైన్‌మెంట్ చూసి, ఏ లోపమూ లేదన్నాడు.

నీ లెక్కన ఇది కొనకూడని బండి.

కొనేశాను.